సెమినార్ మేధో వైకల్యం ఉన్నవాళ్ళ గురించి, మైకు మాత్రం వాళ్ళకివ్వరు. ఇదేం పద్ధతండీ?

నంబూరు_స్కాలర్ | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే అండీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి. పోయిన శుక్రవారం బెజవాడలో ఒక కాలేజీలో మేధో వైకల్యం (నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం నెమ్మదిగా ఉండటం) మీద నేషనల్ సెమినార్ జరిగింది, కాలేజీ పేరు వద్దులెండి, నేనూ పేపర్ చదివాను, రిజిస్ట్రేషన్ పదిహేను వందలు, జనపనార బ్యాగు, ప్యాడు, పెన్ను, ఐఎస్‌బీఎన్ ఉన్న పుస్తకం, న్యాక్ (కాలేజీలకి గ్రేడులిచ్చే సంస్థ) ఫైల్లోకి ఫొటోలు, అన్నీ మామూలే.

ప్రారంభానికి ఒకతన్ని పిలిచారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయేమో, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతో వచ్చే ఒక రకం మేధో వైకల్యం), ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో పెన్ను. జ్యోతి వెలిగించమన్నారు, వెలిగించాడు. శాలువా కప్పారు, బొకే చేతిలో పెట్టారు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక పాపం ఒళ్ళోనే పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. తర్వాత కీనోట్ (ప్రధాన ప్రసంగం) సారు గంటా పది నిమిషాలు ఇంగ్లీషులో దంచారు, ప్రతి స్లైడుకీ 'దీజ్ చిల్డ్రన్, దీజ్ చిల్డ్రన్' అంటూ. ఒకచోట 'దీజ్ చిల్డ్రన్ కెనాట్ వర్క్' అన్నారు. ఇతను బొకేతో సహా లేచి నిలబడి, 'సార్, నేను చిల్డ్రన్ కాదు. నేను షాపులో పని చేస్తా' అన్నాడు.

హాలంతా చప్పట్లు, నవ్వులు. సారు కూడా నవ్వి 'వెరీ గుడ్, సిట్ సిట్' అని స్లైడు మార్చేశారు. ఆ రోజంతటికీ టాపిక్ మీద సూటిగా వచ్చిన అభ్యంతరం అదొక్కటే, దానికి జవాబే రాలేదు. లంచ్ కాకముందే వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయింది.

ఇప్పుడు నా గోల. నా థీసిస్ కూడా ఇలాంటివాళ్ళ ఉద్యోగాల మీదే. గైడ్ సారేమో 'వాళ్ళేం చెప్తారమ్మా, పేరెంట్స్‌ని ఇంటర్వ్యూ చెయ్యి చాలు' అంటున్నారు. డిపార్ట్‌మెంట్ తరఫున గుంటూరులో ఒక రోజు మీటింగ్ పెట్టే పని కూడా నా నెత్తినే పడింది. శాలువా తంతు కాకుండా సరిగ్గా ఎలా చెయ్యాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

---

బ్రాడీపేట_నాలుగోలైను | 9:40

ఏమీ అనుకోమాకండి మేడమ్, నేను ఉన్నదున్నట్టు అంటా. పరిశోధన అంటే మెథడాలజీ, స్టాటిస్టిక్స్, లిటరేచర్ రివ్యూ. ఇయ్యన్నీ మా పీజీ పిల్లలకే అర్థం కావు, వాడికేం అర్థమైద్ది? గుండె జబ్బుల కాన్ఫరెన్స్‌కి గుండెజబ్బోళ్ళని పిలిచి స్టేజీ ఎక్కిస్తున్నామా? జాలితో చేసే పనులు చివరికి ఇట్టాగే నవ్వులపాలైతయ్. మీ గైడ్ చెప్పింది కరెక్టే అని నా ఉద్దేశం.

---

పటమట_అమ్మ | 10:05

బ్రాడీపేట బాబూ, ముందు ఆ 'వాడు' తీసెయ్ నాయనా. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషిని.

మా అబ్బాయికి ముప్పై ఒకటి. ఈ పదిహేనేళ్ళలో మా ఇంటికి ఆరుగురు వచ్చారు ప్రశ్నల కాగితాలు పట్టుకుని, ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) వాళ్ళు, ఎంఫిల్ వాళ్ళు, ఒకావిడ అయితే మూడు రోజులు వచ్చింది. అందరూ నన్నే అడిగారు. మీకు ఒత్తిడి ఎంత, ఒకటి నుంచి అయిదు లోపు చెప్పండి. రాత్రి నిద్ర పడుతుందా, ఒకటి నుంచి అయిదు. వచ్చిన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళు తెచ్చిచ్చింది మా వాడే. గ్లాసు తీసుకుని నాకు థాంక్స్ చెప్పేవాళ్ళు. ఒకతను వాడు ఎదురుగా ఉండగానే 'మీ తర్వాత ఇతన్ని ఎవరు చూస్తారండీ' అని అడిగాడు, అది ఫారంలో పదిహేడో ప్రశ్నంట. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు. అర్థం కాదని ఎవరన్నారు?

ఆ ఆరుగురిలో ఒక్కళ్ళు కూడా తిరిగొచ్చి 'అమ్మా, ఇదిగో మేం కనుక్కున్నది ఇదీ' అని చెప్పలేదు. పట్టాలు వచ్చుంటాయిలే.

---

బెంజ్‌సర్కిల్_బ్రో | 10:31

ఒక డౌటు. నాకు డిస్లెక్సియా, చదవడం రాయడం దగ్గర ఇబ్బంది. లెర్నింగ్ డిజబిలిటీ అంటే మాదే కదా? నేను బీటెక్ చేశా, బ్యాక్‌లాగులు బోలెడు ఉన్నా చేశా, ఇప్పుడు ఉద్యోగం. డౌన్ సిండ్రోమ్, మేధో వైకల్యం వేరు కదా, అన్నీ ఒకే గంపలో వేస్తే ఎలా. మొన్న ఆఫీసులో చెప్తే హెచ్ఆర్ కూడా ఇలాగే కన్‌ఫ్యూజ్ అయ్యింది.

---

లీడ్స్‌లో_కృష్ణాజిల్లా | 10:58

బ్రో, ఆ గంప కలిపింది ఇంగ్లీషోళ్ళు :) నేను ఇక్కడ నర్సుగా చేస్తున్నా. బ్రిటన్‌లో లెర్నింగ్ డిజబిలిటీ అంటే మన దగ్గర మేధో వైకల్యం అంటామే, అదే. డిస్లెక్సియాని ఇక్కడ లెర్నింగ్ డిఫికల్టీ లెక్కలో వేస్తారు. ఇండియాలో, అమెరికాలో లెర్నింగ్ డిజబిలిటీ అంటే నీదే. అందుకని బ్రిటన్ పేపర్లు చదివి మన పిల్లల మీద రాసేటప్పుడు తప్పులో కాలేస్తారు జనం. నంబూరు అమ్మాయ్, నీ రివ్యూలో ఒకసారి చూసుకో ఇది.

అసలు సంగతికొస్తా. ఇక్కడ దీన్ని ఇంక్లూజివ్ రీసెర్చ్ అంటారు, జాన్ వామ్స్‌లీ, కెల్లీ జాన్సన్ అని ఇద్దరు 2003లో దీనిమీద ఒక పుస్తకమే రాశారు. అందులో ఉండే మాట ఏంటంటే, ప్రశ్న ఏంటో తేల్చే దగ్గర్నుంచి వాళ్ళు ఉండాలి, చివర్లో ఫొటోకి కాదు. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ లెర్నింగ్ డిజబిలిటీస్‌లో ప్రతి పేపర్ ముందూ మామూలు మాటల్లో ఒక చిన్న సారాంశం ఉంటుంది, అది లేకుండా తీసుకోరు. అంతకన్నా ముందే, 1974లో అమెరికాలో ఒరెగాన్‌లో పీపుల్ ఫస్ట్ అని మేధో వైకల్యం ఉన్నవాళ్ళే సంఘం పెట్టుకుని సొంతంగా పెద్ద సభ జరుపుకున్నారు. పేరు కూడా వాళ్ళు పెట్టుకున్నదే, ముందు మేం మనుషులం అని.

మీటింగుల్లో నాకు బాగా నచ్చింది కార్డులు. ఎర్రది, పసుపుది, పచ్చది, ట్రాఫిక్ సిగ్నల్ లాగా. పసుపు ఎత్తితే 'నాకు అర్థం కాలేదు, నెమ్మదిగా చెప్పు'. ఎర్రది ఎత్తితే ఆపాలి, ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా ఆపాల్సిందే. ఒకసారి నేను మాట్లాడుతుంటే మూడు నిమిషాల్లో నాలుగు పసుపు కార్డులు లేచాయి. చెమటలు పట్టాయి. తమాషా ఏంటంటే బ్రేక్‌లో ఒక డాక్టర్ వచ్చి 'థాంక్స్, నాకూ ఇవాళే అర్థమైంది' అన్నాడు.

---

నల్లకోటు | 11:20

గైడ్‌గారికి ఇది చూపించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 6, సబ్ సెక్షన్ 2. వైకల్యం ఉన్న వ్యక్తి మీద పరిశోధన చెయ్యాలంటే ఆ వ్యక్తి స్వేచ్ఛగా, విషయం తెలిసి ఇచ్చిన సమ్మతి కావాలి, అదీ అతనికి అందుబాటులో ఉండే పద్ధతిలో అడిగి తీసుకోవాలి. అతని సమ్మతి అని ఉంది, వాళ్ళ నాన్నది అని లేదు. పైగా ప్రభుత్వం వేసిన పరిశోధన కమిటీ ముందస్తు అనుమతి కూడా ఉండాలి, ఆ కమిటీలో కనీసం సగం మంది వైకల్యం ఉన్నవాళ్ళో, రిజిస్టర్డ్ సంఘాల సభ్యులో అయ్యుండాలి. తల్లిదండ్రుల సంఘాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి, అమ్మగారు గమనించగలరు.

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21. బెంజ్‌సర్కిల్ తమ్ముడి డిస్లెక్సియా కొత్తగా చేరిన వాటిలో ఉంది. ఇంకోటి, 2009లో చండీగఢ్ నుంచి వచ్చిన కేసులో ఒక అమ్మాయికి గర్భం తీయించే విషయంలో సుప్రీంకోర్టు ఏమందంటే, స్వల్ప మేధో వైకల్యం ఉన్నంత మాత్రాన ఆమె ఒప్పుకోలు పక్కన పెట్టడానికి లేదు అని. అంత పెద్ద విషయంలోనే ఆమె మాట చెల్లినప్పుడు 'నీకు ఉద్యోగం ఇష్టమా' అనే ప్రశ్నకి చెల్లదా?

---

బ్రాడీపేట_నాలుగోలైను | 11:34

సరే సరే, 'అతను'. అమ్మగారూ తప్పైపోయింది.

కానీ నల్లకోటు అన్నా, చట్టంలో ఉంటే సరా? రేపు వీళ్ళ చేత సంతకం పెట్టించి ఎవడో ఏదో మందు ఇస్తే? మా బాబాయ్ ఒకాయన ఎథిక్స్ కమిటీలో (మనుషుల మీద చేసే పరిశోధనలకి అనుమతిచ్చేది) ఉండేవాడు, ఇట్టాంటి ప్రపోజల్ వస్తే చేతులు వణికేవంట.

---

రిటైర్డ్_డాక్టర్ | సోమవారం ఉదయం 6:15

ఆ వణుకు నాకూ తెలుసు బాబూ. నేనూ అలాంటి కమిటీలో ఆరేళ్ళు కూర్చున్నాను. దానికి కారణం ఉంది. న్యూయార్క్‌లో విల్లోబ్రూక్ అని ఒక పెద్ద బడి, మేధో వైకల్యం ఉన్న పిల్లలది. 1950ల నుంచి 1970 దాకా అక్కడి పిల్లలకి కావాలని కామెర్ల వైరస్ ఎక్కించి పరీక్షలు చేశారు. మసాచుసెట్స్‌లో ఫెర్నాల్డ్ స్కూల్లో 1946 నుంచి 1953 వరకు పిల్లలకి ఓట్స్ జావలో రేడియోధార్మిక పదార్థం కలిపి పెట్టారు, దానికి 'సైన్స్ క్లబ్' అని పేరు, చేరితే బేస్‌బాల్ ఆటకి తీసుకెళ్తామన్నారు. తల్లిదండ్రులకి వెళ్ళిన ఉత్తరంలో రేడియేషన్ ఊసే లేదు. గమనించారా, అక్కడ కూడా సంతకం పెట్టింది తల్లిదండ్రులే.

ఇవన్నీ చదివి వచ్చిన తరం మాది. వచ్చిన ప్రపోజల్స్‌లో 'మేధో వైకల్యం ఉన్నవారిని మినహాయించాం' అని ఒక లైను ఉంటే హమ్మయ్య అని ఓకే కొట్టేసేవాళ్ళం. ఇప్పుడాలోచిస్తే, షుగర్ మీద, బీపీ మీద, పళ్ళ మీద ఎన్ని స్టడీల్లోంచి వాళ్ళని తీసేశామో లెక్కే లేదు. వాళ్ళకి షుగర్ రాదా? 2017 ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో కూడా వాళ్ళని తేలిగ్గా హాని జరిగే అవకాశం ఉన్నవాళ్ళుగా చూసి అదనపు రక్షణ ఇవ్వమంటారు, చట్టబద్ధ ప్రతినిధి సంతకం అవసరమైనా ఆ మనిషి ఇష్టం కూడా కనుక్కోమంటారు. బయట పడెయ్యమని లేదు. మేమే సుళువు చూసుకున్నాం.

---

తెనాలి_టీచర్ | 7:50

నమస్తే సర్. నేను భవిత సెంటర్లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) పని చేస్తాను, ఇంటర్వ్యూ గురించి నాలుగు మాటలు. బస్సు దొరికేలోపు టైప్ చేస్తున్నా, అచ్చుతప్పులు క్షమించాలి.

మొదటిది, అవును కాదు ప్రశ్నలు అడగొద్దు. 'షాపు ఇష్టమా?' అవును. 'షాపు ఇష్టం లేదా?' దానికీ అవునే. అబద్ధం కాదది, పెద్దవాళ్ళు అడిగితే అవును అనాలని చిన్నప్పట్నుంచీ మనమే నేర్పాం, బళ్ళో నేర్పాం ఇంట్లో నేర్పాం, ఇప్పుడు రీసెర్చ్‌కి వచ్చి అవునంటున్నాడే అంటే ఎట్లా. 'షాపులో ఏం చేస్తావు', 'ఏ పని చేసేటప్పుడు విసుగొస్తుంది' అని అడగండి. ఫొటోలు పెట్టండి, కుట్టుమిషను, జిరాక్స్ మిషను, ఇల్లు, రెండు పక్కపక్కన పెట్టి ఏది అంటే వేలు పెట్టి చూపిస్తారు. జవాబు కోసం ఆగండి. మనం మూడు సెకన్లు ఆగి నాలుగో సెకన్లో మనమే చెప్పేస్తాం.

రెండోది సమ్మతి పత్రం. మా సెంటర్‌కి ఒకామె తెచ్చింది, 'పరిశోధనలో భాగస్వామ్యానికి నా సంపూర్ణ అంగీకారమును తెలియజేయుచున్నాను, గోప్యత పాటించబడును' అని. అయ్య బాబోయ్, ఆ అమ్మలకే అర్థం కాలేదు. మేమే కూర్చుని మార్చాం. పెద్ద అక్షరాలు (వత్తులు చిన్న సైజులో అలికినట్టు పడతాయి, తెలుగుకి ఇంకా పెద్దది కావాలి), ఒక లైనుకి ఒకే సంగతి, ఎడమ పక్కన బొమ్మ. 'నేను నిన్ను ప్రశ్నలు అడుగుతా.' 'నీ పేరు ఎవరికీ చెప్పను.' 'నీకు వద్దనిపిస్తే లేచి వెళ్ళొచ్చు.' చదివాక ఇప్పుడు నువ్వు నాకు చెప్పు అని అడిగాం. ఒకబ్బాయి, పందొమ్మిదేళ్ళు, అంతా బాగానే చెప్పాడు, చివరి బొమ్మ దగ్గర ఆగి, తలుపులోంచి మనిషి బయటికెళ్తున్న బొమ్మ అది, దాని మీద వేలు పెట్టి, 'వెళ్తే నువ్వు కోప్పడతావా?' అన్నాడు. కోప్పడను అన్నా. 'అమ్మ?' అన్నాడు. ఇంక నా దగ్గర జవాబు లేదు. వాళ్ళమ్మని పిలిచి అతని ముందే అడిగించాం, కోప్పడను నాయనా అంది. అప్పుడు వేలిముద్ర కాదు, సంతకం పెట్టాడు, పేరు రాయడం వచ్చని మాకే తెలీదు.

బస్సొచ్చింది.

---

బ్రాడీపేట_నాలుగోలైను | 9:02

మేడమ్ ఈ చివరిది చదివి కాసేపు ఏం తోచలా. ఒప్పుకుంటా.

అయినా ఒకటి మాత్రం నేను వదలను. వాళ్ళమ్మ పక్కన కూర్చుని చెవిలో చెప్పేది, ఇతను మైకులో అనేది, అది ఎవరి మాట అయ్యింది? పేపర్ మీద పేరు కూడా పెడతారు, చూడండి మేం కలుపుకున్నాం అని. అది శాలువా కన్నా పెద్ద మోసం.

---

లీడ్స్‌లో_కృష్ణాజిల్లా | 1:15

అందులో నిజం ఉంది. ఇక్కడా జరుగుతుంది, కలుపుకున్నాం అని చూపించుకోడానికి ఒకరిని పట్టుకొస్తారు, ఏడాదికి పది మీటింగులకి అదే మనిషి. ఒకటే మార్గం, ఎవరు ఏం చేశారో ఉన్నదున్నట్టు రాసెయ్యటం. ప్రశ్నలు ఇతను ఎంచాడు, లెక్కలు నేను చేశా, సారాంశం చదివి వినిపిస్తే ఇతను రెండు చోట్ల ఒప్పుకోలేదు, అని. తోడు వచ్చే మనిషి కూడా అమ్మే కానక్కర్లేదు, అతను ఎవర్ని రమ్మంటే వాళ్ళు. ఆ తోడు మనిషికి రిజిస్ట్రేషన్ ఫీజు తీసుకోకండమ్మా దయచేసి.

---

పటమట_అమ్మ | 2:40

అమ్మల మీద పడ్డారా చివరికి :) నిజమే, నేను మావాడికి అడ్డం పడతాను, ఒప్పుకుంటున్నా. ముప్పై ఏళ్ళ అలవాటు.

డబ్బుల సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? కీనోట్ సారుకి కవరు ఇస్తారు, కారు పంపిస్తారు. మావాడికి శాలువా. మా బీరువాలో ఇప్పటికి పదకొండు శాలువాలున్నాయి, బెజవాడ ఎండలకి ఏం చేసుకోను వాటిని. పనికి సెలవు పెట్టి వస్తే ఆ రోజు కూలి పోతుంది వాడికి.

---

నంబూరు_స్కాలర్ | సోమవారం రాత్రి 8:30

అందరికీ దణ్ణాలు. ఇవాళ సెక్షన్ 6 ప్రింట్ తీసి గైడ్ సారు టేబుల్ మీద పెట్టాను. చదివారు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ చదివారు, 'పేరెంట్స్‌నీ అడుగు, వాళ్ళనీ అడుగు' అన్నారు. ఆయన దగ్గర అది చాలా పెద్ద విజయం.

మీటింగ్‌కి ఇప్పటికి అనుకున్నవి: తెలుగులోనే, ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళుంటే వాళ్ళ ముక్క ముందే తెలుగులో రాయిస్తా. ఒక్కొక్కరికి పావుగంట, మధ్యలో టీ. కార్డులు ఖాయం. జ్యోతి, శాలువా లేవు, ఆ డబ్బుతో రోజుకూలి, బస్సు చార్జీలు, కీనోట్‌కి ఎంతో వీళ్ళకీ అంతే (దీని మీద ఆఫీసులో గొడవ తప్పదు, అకౌంట్స్ క్లర్కు అప్పుడే 'ఏ హెడ్ (ఖర్చు పద్దు) కింద రాయమంటారు' అన్నాడు, రిసోర్స్ పర్సన్ అని రాయండి, వేరే హెడ్ ఎందుకు అన్నాను). హాలు పక్కన ఒక ఖాళీ గది, గోల ఎక్కువైతే వెళ్ళి కూర్చోడానికి. సెమినార్ హాల్ మూడో అంతస్తు, లిఫ్ట్ ఎప్పుడూ మరమ్మతులోనే, కిందే లైబ్రరీ పక్క హాలు అడుగుతా.

కానీ ఒకటి పీకుతోంది. ఇవన్నీ మళ్ళీ మనమే అనుకుంటున్నాం కదా.

---

గవర్నర్‌పేట_చెల్లి | 9:47

నమస్తే అక్కా. ఎవరో లింక్ పంపితే చదివాను. ఆ రోజు లేచి నిలబడింది మా అన్నయ్యే. అమ్మ ఇంటికొచ్చి బాగా ఏడ్చింది, పరువు పోయిందని. అన్నయ్య మాత్రం నేను తప్పు అన్నానా అని ఒకటే అడిగాడు. ఇదంతా నిన్నటి నుంచి వాడికి కొంచెం కొంచెం చదివి వినిపిస్తున్నా, కార్డుల దగ్గర రెండుసార్లు చదివించుకున్నాడు. ఇప్పుడు పక్కనే ఉన్నాడు, వాడు చెప్తుంటే టైప్ చేస్తున్నా, నేనేం మార్చట్లేదు.

'నేను జిరాక్స్ షాపులో చేస్తా. తొమ్మిదేళ్ళు. స్పైరల్ నేనే వేస్తా, బైండింగ్ కూడా. పెద్ద పుస్తకాలు వస్తాయి, నల్ల అట్ట, బంగారం అక్షరాలు. థీసిస్. ఓనర్ చెప్పాడు ఇది మీ గురించే రా అని. నా గురించా అన్నా. నీలాంటోళ్ళ గురించి అన్నాడు. అట్లాంటివి చాలా చేశా. పేజీలు తిరగబడకుండా చూసి పెడతా. లోపల ఏముందో ఎవరూ చెప్పలా. సార్ మీటింగ్‌లో నేను ఇది చెప్దామని లేచా. కూర్చోమన్నాడు. పసుపు కార్డు బాగుంది. ఎర్రది కూడా నాకే ఇవ్వాలి.'

---

బ్రాడీపేట_నాలుగోలైను | 10:03

నా థీసిస్ గవర్నర్‌పేటలోనే బైండింగ్ చేయించా. ఈ టాపిక్ కాదులే. అయినా ఏదోలా ఉంది.

---

నంబూరు_స్కాలర్ | 10:20

చెల్లీ, అన్నయ్యని అడుగు: నా సినాప్సిస్ (థీసిస్‌లో ఏం చేస్తానో ముందే రాసిచ్చేది) ఇంకా సబ్మిట్ చెయ్యలేదు, నలభై పేజీలు. అందులో నేను అడగబోయే ప్రశ్నలున్నాయి. షాపుకి వచ్చి తెలుగులో చదివి వినిపిస్తా, ఏవి బాగాలేవో ఆయన చెప్పాలి. ఆ టైముకి డబ్బులిస్తా, బైండింగ్ లెక్క వేరే. ఇష్టం లేకపోతే లేదని చెప్పమను, నేను కోప్పడను. మంగళవారం సాయంత్రం రానా?

---

గవర్నర్‌పేట_చెల్లి | 10:26

అడిగానక్కా. 'మంగళవారం రష్. బుధవారం నాలుగింటికి రమ్మను. నలభై పేజీలు ఒక్కరోజు అవదు, పది తెమ్మను' అంటున్నాడు.